డెక్కు దగ్గర దిట్ట, కంప్యూటర్ దగ్గర కంగారు: వైజాగ్‌లో పాత ఇంటర్వ్యూ క్యాసెట్ల డిజిటైజింగ్

డాబాగార్డెన్స్ సందుల్లో పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించిపెట్టే షాపు ఒకటుంది. పెళ్లి వీడియోలు, తాతగారి హరికథలు, నాటకం పద్యాలు, ఇదీ వాళ్లకు రోజూ వచ్చే సరుకు. ఈసారి వాళ్లకు అందింది వేరే రకం. ఒక మ్యూజిక్ జర్నలిస్టు 1994 నుంచి 2003 దాకా రాక్ బ్యాండ్ల వాళ్లతో చేసిన ఇంటర్వ్యూలు, మళ్లీ విని రాయడానికి తీసిన 14 క్యాసెట్లు. సి-60లు (గంట నిడివివి) తొమ్మిది, సి-90లు (గంటన్నరవి) మూడు, డిక్టాఫోన్ అనే చేతి రికార్డర్లో వాడే బుల్లి మైక్రోక్యాసెట్లు రెండు. పాటలకు సరిపోయే సర్వీసు మాటలకు సరిపోతుందా అన్నదే ఇక్కడ ప్రశ్న. మెచ్చుకోలుతో పాటు చీవాట్లూ ఉన్నాయి కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

ముందే చెప్పేస్తే, రీలు మీద వాళ్లకు చెయ్యి తిరిగింది. శబ్దం రీలు దాటి కంప్యూటర్లోకి వెళ్లాక మాత్రం వాళ్లను ముట్టుకోనివ్వకండి.

రేట్లు: సి-60కి రూ. 250, సి-90కి రూ. 350, మైక్రోక్యాసెట్‌కి రూ. 400. బూజు తీయడానికి క్యాసెట్‌కి అదనంగా రూ. 150, షెల్ (బయటి ప్లాస్టిక్ తొడుగు) మార్చడానికి రూ. 100. నాలుగింటికి బూజు, మూడింటికి షెల్ కలిపి లెక్క సరిగ్గా రూ. 5,000 తేలింది. వారం అన్నారు, 16 రోజులు పట్టింది. గంట రీలు ఎక్కాలంటే గంట ఆడాల్సిందే, దానికి దగ్గరిదారి లేదు. మొత్తం రీలు 16 గంటల పైచిలుకు ఉంది కాబట్టి ఆలస్యాన్ని పెద్ద తప్పుగా పట్టుకోలేం. ఫోన్ చేస్తే ఎత్తి, ఏ క్యాసెట్ ఎంతవరకు వచ్చిందో చెప్పారు. అది చాలు.

మన ఊరి క్యాసెట్ల సంగతి వేరు. గాలిలో తేమ ఏడాదిలో ఎక్కువ రోజులు 70 శాతం పైనే ఉంటుంది, దానికి తోడు ఉప్పుగాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు అటకల మీద తడిసి, తర్వాత అలాగే ఆరిపోయిన క్యాసెట్లు ఇప్పటికీ ఇళ్లలో ఉన్నాయి. అద్దంలోంచి చూస్తే రీలు చుట్ట అంచు మీద తెల్లటి పొడి, సాలెగూడు లాంటి మరకలు కనిపిస్తాయి. అది బూజు. అలాంటి క్యాసెట్‌ను పని చేస్తుందో లేదో చూద్దామని డెక్కులో (క్యాసెట్ ఆడించే మిషన్‌లో) పెడితే రెండు నష్టాలు. బూజు పొడి, రీలు మీది శబ్దాన్ని చదివే హెడ్ మీద పేరుకుని శబ్దం మూసుకుపోతుంది. అదే పొడి తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ అంటుతుంది. ముందే స్పీడుగా రివైండ్ కొడితే ఇంకా ప్రమాదం, అంటుకున్న చుట్టలు విడిపోయే చోట రీలు తెగుతుంది.

షాపు వాళ్లు ఇక్కడ మంచి మార్కులు కొట్టేశారు. బూజు క్యాసెట్ల కోసం విడిగా ఒక పాత డెక్కు పెట్టుకున్నారు, దానికి ఇంకో పని లేదు. షెల్ విప్పి, రెండు చుట్టలను ఒక ఖాళీ షెల్ అడుగు భాగంలో పెట్టి, కళ్లజోడు తుడిచే మెత్తటి బట్ట మడత మధ్యలోంచి రీలును చేత్తో మెల్లగా లాగుతూ చుట్టారు. మొహానికి మాస్కు, ఫ్యాను గాలి కిటికీ వైపు. ఒక్కో క్యాసెట్‌కు అరగంటకు పైగా పట్టే పని అది, రూ. 150 ఎక్కువేం కాదు. తర్వాత హెడ్‌నూ రీలును నడిపే ఇనుప కడ్డీనీ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచారు. మెడికల్ షాపు స్పిరిట్‌లో నీళ్లు కలిసి ఉంటాయి, ఈ పనికి అది వద్దు. రబ్బరు చక్రానికి ఐసోప్రొపైల్ పదేపదే రాస్తే రబ్బరు ఎండి గట్టిపడుతుంది, సబ్బునీళ్లు అద్దిన దూది చాలు. ఈ తేడా వాళ్లకు తెలుసు.

ఇంకో పరీక్షలోనూ నెగ్గారు. రీలును ఓవెన్‌లో వేడి చేస్తారా అని అడిగితే, క్యాసెట్లకు అవసరం లేదన్నారు. ఆ వైద్యం 1970, 80ల నాటి కొన్ని స్టూడియో స్పూల్ టేపులకు. వాటి జిగురు తేమ పీల్చి బంకగా మారుతుంది. ఇళ్లలో వాడిన మామూలు ఫెర్రిక్ క్యాసెట్లకు ఆ జబ్బు అరుదు. క్యాసెట్లను బేక్ చేస్తాం అనేవాళ్లు కనపడితే సంచీ తీసుకుని వెనక్కి వచ్చేయండి.

షెల్ మార్పిడి ఎందుకంటే, హెడ్‌కు ఎదురుగా రీలును వెనకనుంచి అదిమే చిన్న స్పాంజి ముక్క ఉంటుంది. ఇరవై ఏళ్లు దాటేసరికి దాని జిగురు ఊడిపోతుంది, లేదా దాన్ని మోసే రేకు ఉప్పుగాలికి పచ్చబడి వంగుతుంది. అప్పుడు మాట ఎక్కడో గోడ వెనక నుంచి వస్తున్నట్టు ఉంటుంది. చాలామంది రికార్డింగే పోయిందనుకుని క్యాసెట్ పారేస్తారు. అయిదు స్క్రూల షెల్ అయితే పది నిమిషాల పని. స్క్రూలు లేకుండా అతికించిన షెల్ అయితే అతుకు వెంట బ్లేడు పెట్టి విడదీయాలి, రీలు అటువైపు జారకుండా. కొత్త ఖాళీ షెల్లు దొరకడం కష్టం. వీళ్లు పాత భక్తిగీతాల క్యాసెట్లను విప్పి వాడుతున్నారు. దేవుడి పాటల షెల్లో హెవీ మెటల్ గిటారిస్టు మాట్లాడుతుంటే వినడానికి బాగానే ఉంది.

తెగిన చోట అతికించింది ఏ టేపుతోనో అడగండి. మామూలు సెల్లోటేపు వాడితే ఎండాకాలంలో జిగురు బయటికి కారి పక్క చుట్టకు అంటుకుంటుంది. క్యాసెట్ రీలు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. అదే వెడల్పున్న స్ప్లైసింగ్ టేపు వీళ్ల దగ్గర ఉంది.

ఇక అసలైన పని, హెడ్ వాలు సరిచేయడం. ఈ ఒక్కటీ తెలియని షాపుకు ఇంటర్వ్యూ క్యాసెట్లు ఇవ్వకూడదు. హెడ్‌లోని సన్నటి గీత రీలుకు నిట్టనిలువుగా ఉండాలి. చేతిలో పట్టుకు తిరిగే చవక రికార్డర్లలో అది కొద్దిగా ఒరిగి ఉండేది. రికార్డు చేసిన మిషన్ ఎంత ఒరిగిందో ఆడించే డెక్కు కూడా అంతే ఒరగాలి, లేకపోతే పై శబ్దాలు, అంటే సన్నటి కీచు శబ్దాలు, పోతాయి. ఎంత తేడాకు ఎంత నష్టమో చూడండి. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది, అంటే 5 కిలోహెర్ట్జ్ శబ్దానికి రీలు మీద ఒక అల పొడవు మిల్లీమీటర్లో వందో వంతు కన్నా తక్కువ. మోనో ట్రాక్ వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్లు. హెడ్ డిగ్రీలో మూడో వంతు ఒరిగితే చాలు, ఆ వెడల్పు మీద ఒక చివరకూ ఇంకో చివరకూ ఒక అల తేడా వచ్చి ఆ శబ్దం తుడిచిపెట్టుకుపోతుంది.

పాటలో అయితే కాస్త మందంగా ఉందనుకుని ఊరుకుంటాం. మాటలో అలా కుదరదు. 'స'కూ 'ఫ'కూ తేడా ఉండేదే ఆ పై శబ్దాల్లో. ఒక క్యాసెట్లో గిటారిస్టు ఏ తీగను దించి శ్రుతి చేశాడో చెబుతున్నాడు. మొదటిసారి ఆడించినప్పుడు అది 'ఫిఫ్త్ స్ట్రింగ్' అన్నట్టే వినపడింది. షాపాయన చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, అయస్కాంతం పట్టని చిన్న స్క్రూడ్రైవర్‌తో హెడ్ పక్కనున్న స్ప్రింగ్ స్క్రూను ముందు అటు, తర్వాత ఇటు, పావు చుట్టు కూడా దాటకుండా తిప్పాడు. ఒకచోట దుప్పటి తీసేసినట్టు 'స' బయటపడింది. సిక్స్త్ స్ట్రింగ్. ఇ నుంచి డికి దించినది. రాక్ సంగతి తెలిసినవాళ్లకు అర్థమైపోతుంది, డ్రాప్ డి అంటే దించేది ఆరో తీగనే. తప్పు తీగ అచ్చులో పడితే గిటార్ పట్టిన ప్రతి కుర్రాడూ నవ్వుతాడు.

రెండో వైపు తిప్పాక మళ్లీ సరిచేయాలి, ఎందుకంటే షెల్‌లో రీలు కూర్చునే తీరు మారుతుంది. వీళ్లు రెండు వైపులా చేశారు. స్క్రూ మొదటి స్థానం మీద మార్కర్‌తో చుక్క పెట్టుకున్నారు. చివర్లో 3,000 హెర్ట్జ్ టెస్ట్ టేపు పెట్టి డెక్కు వేగం చూపించారు, కొద్ది హెర్ట్జ్ తేడాలో ఉంది. బుస తగ్గించే డోల్బీ బటన్ ఆఫ్‌లోనే ఉంది. చేతి రికార్డర్లలో డోల్బీ ఉండేది కాదు, డెక్కులో ఆన్ చేసి ఆడిస్తే ఉన్న కాస్త 'స' కూడా మింగేస్తుంది. క్యాసెట్ పెట్టే ముందు పైనున్న రెండు ప్లాస్టిక్ పళ్లు విరిచి ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అడిగి విరిచారు. ఒక్క పొరపాటు నొక్కుతో ఇంటర్వ్యూ మీద ఇంకేదో రికార్డు కాకుండా అదే కాపలా.

మైక్రోక్యాసెట్ల విషయం తొందరగా చెప్పేద్దాం. వాటికి సెకనుకు 2.4, 1.2 సెంటీమీటర్ల రెండు వేగాలు. ఒకదాన్ని 1.2లో రికార్డు చేశారు, వీళ్లు 2.4లో ఎక్కించారు. వింటే ఉడత మాట్లాడినట్టు ఉంది. కంగారు పడక్కర్లేదు, కంప్యూటర్లో వేగం సగానికి దించితే మాట మామూలైపోతుంది. ఇయర్‌ఫోన్ సాకెట్ నుంచి తీసిన శబ్దం కాబట్టి బుస ఎక్కువ. మరో దారి లేదు.

వేగం దగ్గర అసలు చిక్కుంది, దాన్ని షాపు పట్టించుకోలేదు. 'రికార్డింగే అలా ఉంది సార్' అన్నారు. నిజమే, డెక్కు తప్పు కాదు. ఇంటర్వ్యూ సమయానికి రికార్డర్లో సెల్స్ నీరసించి మోటారు మెల్లగా తిరిగింది. ఇప్పుడు సరైన వేగంతో ఆడిస్తే అంతా తొందరగా, శ్రుతి పెరిగి వస్తుంది. ఎంత పెరిగిందో కనిపెట్టే దారి ఆ రికార్డింగ్‌లోనే ఉంది. పాత ట్యూబ్‌లైట్ చోక్ రొద. మన కరెంటు 50 హెర్ట్జ్, చోక్ రొద దానికి రెట్టింపు, 100. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ మాట్లాడని ఒక నిమిషం ఎంచుకుని, ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచి, సైజు 65536 పెట్టండి. 48 కిలోహెర్ట్జ్ ఫైల్‌లో ముప్పావు హెర్ట్జ్ తేడా కూడా కనిపిస్తుంది. అయిదో క్యాసెట్లో ఆ రొద 106 దగ్గర నిలబడింది. అంటే 6 శాతం ఎక్కువ వేగం, ఇంచుమించు అర స్వరం.

అర స్వరంలో ఏముంది అనుకోవద్దు. ఆ క్యాసెట్లోనే గిటారిస్టు ప్లగ్ పెట్టని గిటార్ మీద ఒక రిఫ్ (పాటలో పదేపదే వచ్చే గిటార్ ముక్క) వాయించి చూపించాడు. ఫైల్‌లో ఆరో తీగ 82.4 హెర్ట్జ్, సరిగ్గా ఇ, అంటే మామూలు ట్యూనింగ్. వేగం సరిచేస్తే అది 77.7కి దిగుతుంది. ఆ మనిషి గిటార్‌ను అర స్వరం దించి శ్రుతి చేసుకున్నాడు. రాక్‌లో గాయకుడి గొంతు కోసం అలా దించడం మామూలే. సరిచేయని ఫైల్ విని రాస్తే ఆ సంగతే మాయం.

దిద్దడానికి వేగం, శ్రుతి రెంటినీ కలిపి మార్చే ఎఫెక్ట్ వాడాలి, టెంపో మాత్రమే మార్చేది కాదు. 106ను 100కు తేవాలంటే మైనస్ 5.66 శాతం. ఒకే అంకె మొత్తం వైపుకు సరిపోదు, సెల్స్ అయిపోతున్న కొద్దీ తేడా పెరుగుతుంది. ఈ క్యాసెట్ చివరికి రొద 109కి ఎక్కింది. అయిదేసి నిమిషాల ముక్కలుగా కొలిచి దిద్దుకోవాలి. ఇంకో జాగ్రత్త: 90లలో మన గ్రిడ్ 50 మీద స్థిరంగా ఉండేది కాదు, సాయంత్రం లోడు పెరిగితే 49 కిందికీ జారేది. రొదను మాత్రమే నమ్మితే రెండు శాతం పైనే పొరపాటు రావచ్చు. గిటార్, రొద రెండూ ఒకే మాట చెబితేనే ఖాయం చేయండి.

కంప్యూటర్ దగ్గర షాపు ఏం చేసిందో ఇప్పుడు చూద్దాం. అడగకపోతే ఇచ్చేది 128 కేబీపీఎస్ ఎంపీ3. అడిగితే 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వావ్ ఫైల్ అదే రేటుకు ఇస్తారు, కానీ అడగాలని కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. స్టీరియోలోనే తీసుకోండి, గంటకు ఒక జీబీ చొప్పున 32 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. మోనో రికార్డింగ్‌కు రెండు ఛానెళ్లు ఎందుకంటే, రెంటిలో శుభ్రంగా ఉన్నదాన్ని ఎంచుకోవచ్చు. షాపు రెంటినీ కలిపి మోనో చేసి ఇచ్చిన మొదటి ఫైళ్లలో, హెడ్ దగ్గర అంత కష్టపడి సంపాదించిన 'స' మళ్లీ పలచబడింది. ఛానెళ్ల మధ్య మిగిలిన ఇసుమంత తేడా కలిపినప్పుడు కొట్టుకుపోతుంది. మళ్లీ ఎక్కించమంటే మారు మాట్లాడకుండా, డబ్బు అడక్కుండా ఎక్కించారు.

అసలు బెడిసికొట్టింది 'క్లీనింగ్'. ఇది ఉచితం, చెప్పకుండానే చేసేస్తారు. ముందు ఫ్యాను చప్పుడును నమూనాగా తీసుకుని మొత్తంలోంచి తీసేశారు. ఫ్యాను పోయింది, దాంతో పాటు పదాల చివర్లూ పోయాయి. మిగిలిన గొంతు బిందెలోంచి మాట్లాడినట్టు ఉంది. తర్వాత రెండు సెకన్లు దాటిన ప్రతి నిశ్శబ్దాన్నీ అర సెకనుకు కుదించారు. 'ఖాళీలు తీసేశాం సార్, వినడానికి హాయిగా ఉంటాది' అన్నాడు కుర్రాడు, మంచి చేశాననే నమ్మకంతో.

పాటల క్యాసెట్‌లో రెండు పాటల మధ్య ఖాళీ తీసేస్తే ఎవరికీ నష్టం లేదు. ఇంటర్వ్యూలో ఖాళీ అంటే జవాబులో భాగం. ఎనిమిదో క్యాసెట్లో ప్రశ్న: బ్యాండ్ ఎందుకు వదిలేశారు? ముడి ఫైల్‌లో ఆ తర్వాత ఏడు సెకన్లు. లైటర్ రెండుసార్లు గీసిన చప్పుడు, సాసర్ మీద కప్పు పెట్టిన టిక్కు, అప్పుడు 'గొడవేం లేదు' అనే మాట. శుభ్రం చేసిన ఫైల్‌లో ప్రశ్న పూర్తవ్వగానే 'గొడవేం లేదు' అని టక్కున వచ్చేస్తుంది. మాట అదే, మనిషి వేరు. ఇరవై అయిదేళ్ల తర్వాత మళ్లీ విని రాసే జర్నలిస్టు, ఈ ఫైల్‌ను నమ్ముకుంటే ఆ వాద్యకారుడు నిశ్చింతగా జవాబిచ్చాడని రాసేస్తాడు.

పైగా నోట్‌బుక్‌లో రాసుకున్న టైములు ఒక్కటీ కలవవు. రికార్డర్ కౌంటర్ అంకెలు ఎలాగూ వేరే మిషన్‌తో కలవవు, అవి చుట్ట ఎన్నిసార్లు తిరిగిందో చెప్పేవే తప్ప నిమిషాలు కావు. కనీసం వరస, మధ్య దూరం చూసి పోల్చుకునేవాళ్లం. ఖాళీలు కోసేస్తే ఆ దారీ మూసుకుపోతుంది.

టైపు చేసి ఇచ్చే సర్వీసు నిమిషానికి రూ. 20. ఒక్క క్యాసెట్‌కు ఇచ్చి చూస్తే చాలనిపించింది. బొంబాయిలో 1986లో మొదలైన ఇండిపెండెన్స్ రాక్ అనే రాక్ ఉత్సవానికి వేదిక రంగ్ భవన్, కాగితం మీద 'రంగభవనం' అయింది. 1993లో రాక్ మెషీన్ బ్యాండ్ పేరు మార్చుకుని ఇండస్ క్రీడ్ అయింది కదా, అది 'ఇండస్ట్రీ' అయింది. దాంతో ఒక బ్యాండ్ గురించిన పేరా మొత్తం మ్యూజిక్ ఇండస్ట్రీ మీద విమర్శలా చదువుకోవాల్సి వచ్చింది. రిఫ్ అన్నచోటల్లా 'రఫ్'. టైపిస్టు తప్పు కాదు, రాక్ తెలియకపోవడం నేరమూ కాదు. ఇవ్వాలనుకుంటే బ్యాండ్లు, ఊళ్లు, పరికరాల పేర్ల జాబితా ఒక పేజీ ముందే రాసి ఇవ్వండి. అలా ఇచ్చాక రెండో విడతలో పేర్లు చాలావరకు సరిగ్గా వచ్చాయి.

అంతకన్నా పెద్ద సంగతి, ఆ క్యాసెట్ల ఆడియో టైపిస్టుకు వాట్సాప్‌లో వెళ్లింది. ఇంటర్వ్యూల్లో 'ఇది రాయొద్దు' అని చెప్పిన మాటలు ఉంటాయి. అలాంటి భాగాలున్న క్యాసెట్లను టైపింగ్‌కు ఇవ్వకండి. షాపు కంప్యూటర్లో కాపీ 30 రోజులు ఉంచుతారు, తీసేయమని అడిగితే మన ముందే తీసేశారు.

కౌంటర్ దగ్గర రసీదు మీద ఈ మాటలు రాయించుకోండి: 24 బిట్ 48 కిలోహెర్ట్జ్ వావ్, స్టీరియో, క్లీనింగ్ వద్దు, ఖాళీలు కోయొద్దు, ఒక్కో వైపు ఒక్కో ఫైల్. ఉదయం 11కు వెళ్తే డెక్కు దగ్గర పెద్దాయన ఉంటారు, సాయంత్రం కుర్రాళ్లు మాత్రమే. క్యాసెట్ మీదా, దాని డబ్బా మీదా, కవరు మీదా ఒకే నంబరు మార్కర్‌తో వేసి ఇవ్వండి. 14 క్యాసెట్లూ లెక్క సరిగ్గానే తిరిగొచ్చాయి, కవర్లు మాత్రం రెండు తారుమారయ్యాయి. డ్రమ్మర్ చేత్తో వేసిన సంతకం బేసిస్టు క్యాసెట్ డబ్బాలో దొరికింది.